స్వరలిపి అచ్చు వేయించాలనుకునే వారికి: గవర్నర్‌పేటలోని ఒక చిన్న డీటీపీ కేంద్రం

సంగీతం నేర్పేవారికీ, గురువుల నోటు పుస్తకాలు ఇంట్లో దాచుకున్నవారికీ పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. విజయవాడ గవర్నర్‌పేటలో ప్రింటింగ్ ప్రెస్సుల మధ్య, ఒక ఇంటి ముందు గదిలో భార్యాభర్తలిద్దరు నడుపుతున్న డీటీపీ కేంద్రం ఇది. బోర్డు లేదు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వారి రోజువారీ పని. స్వరలిపి, అంటే పాటను స రి గ మ అక్షరాల్లో రాసే పద్ధతి, అడిగి చేయించుకునేవారు తక్కువే కానీ, ఆ పనిలో వారు చూపే శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు. తెలుగులో స్వరాలను తాళం తప్పకుండా, స్థాయి చుక్కలు చెదరకుండా టైపు చేయించాలంటే నేను నిస్సంకోచంగా ఇక్కడికే పంపుతాను. గమకాల, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం వంటి పలుకుల, గుర్తులు కూడా కావాలనుకునేవారు మాత్రం ఈ సమీక్ష చివరిదాకా చదివి నిర్ణయించుకోవాలి.

నేను వీణ నేర్పుతాను. మా గురువుగారు తన చేత్తో రాసిన రెండు లావుపాటి నోటు పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. వర్ణాలు, కృతులు, కొన్ని జతిస్వరాలు. కాగితం అంచులు పెళుసెక్కాయి, నీలి సిరా చాలా చోట్ల వెలిసిపోయింది. జిరాక్సు తీస్తే నల్లటి మరకలు తప్ప ఏమీ కనిపించడం లేదు. వాటిని శుభ్రంగా టైపు చేయించి పిల్లలకు ఇవ్వాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఇది మామూలు తెలుగు టైపింగ్ కాదు. స్వరాలు రాయడానికి మన లిపి చక్కగా అమరుతుంది. స అంటే ఒక మాత్ర (కాలపు కొలత), సా అంటే రెండు మాత్రలు. గ, గా, రి, రీ. అక్షరం హ్రస్వమా దీర్ఘమా అన్నదే కాలాన్ని చెప్పేస్తుంది. ఇంకా సాగదీయాలంటే కామా ఒక మాత్ర, సెమికోలన్ రెండు మాత్రలు. వేగం రెట్టింపయితే ఆ స్వరాల నెత్తిన ఒక గీత, నాలుగింతలయితే రెండు గీతలు. తారస్థాయికి (పై స్థాయి) పైన చుక్క, మంద్రస్థాయికి (కింది స్థాయి) కింద చుక్క. తాళంలో ఒక అంగం (భాగం) ముగిస్తే ఒంటి గీత, ఆవర్తం (తాళం ఒక చుట్టు) ముగిస్తే జంట గీత. చేత్తో రాసేటప్పుడు ఇదంతా హాయిగా సాగిపోతుంది.

కంప్యూటరులోకి వచ్చేసరికి చిక్కంతా అక్షరం నెత్తి మీదే. రి, ని అన్న స్వరాలకు అప్పటికే పైన గుడి ఉంది. దీర్ఘమయితే గుడిదీర్ఘం. దాని మీద తారస్థాయి చుక్క పెట్టాలి, ఆ చుక్క మీద వేగపు గీత గీయాలి. వచనం కోసం తయారైన ఫాంట్లలో ఇన్ని అంతస్తులకు చోటుండదు. చుక్క గుడిలో కలిసిపోతుంది, లేదా పక్క అక్షరం మీదికి జరుగుతుంది. ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక చోట ఇదే పని ఇచ్చాను. తెర మీద అంతా బాగానే ఉంది. అచ్చయి వచ్చాక చూస్తే చుక్కలు సగం లేవు, ఒక ఆవర్తం మధ్యలో విరిగి కింది వరుసలోకి పోయింది, సాహిత్యం స్వరం కింద నుంచి పక్కకు జరిగింది. తార షడ్జం (షడ్జం అంటే స) మీద చుక్క పోతే నేర్చుకునే పిల్ల మధ్య షడ్జం వాయిస్తుంది. ఆ పిల్లకు అది తప్పని చెప్పేవారు పక్కన ఉండరు.

గవర్నర్‌పేటలోని ఈ కేంద్రం యజమాని సీసపు అచ్చుల కాలంలో కంపోజిటర్‌గా పనిచేశారు. అక్షరం చుట్టూ ఎంత జాగా ఉండాలో ఆయనకు చూపులోనే తెలుసు. టైపింగ్ ఆయన భార్య చేస్తారు. వారు వాక్యంలా టైపు చేసుకుంటూ పోరు. ముందుగా ఒక పట్టిక వేస్తారు. తాళంలోని ఒక్కో అక్షరానికి, అంటే తాళపు ఒక్కో లెక్కకు, ఒక్కో గడి, పై గడిలో స్వరం, కింది గడిలో సాహిత్యం. చుక్కలను అక్షరంతో కలపకుండా విడి గుర్తులుగా, గుడికి కొంచెం ఎగువన, ఒక్కొక్కటీ చేత్తో అమరుస్తారు. వేగపు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. ఫలితం చూడగానే తెలుస్తుంది: ఆవర్తాలన్నీ ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, సమం (తాళం మొదలయ్యే చోటు) ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు.

ఆవిడకు సంగీతం రాదు. కానీ లెక్క నేర్చుకున్నారు. ఆదితాళ వర్ణం ఒక ఆవర్తానికి, తాళంలోని అంగాలైన లఘువులో 16, రెండు ద్రుతాల్లో ఎనిమిదేసి, మొత్తం 32 మాత్రలు రావాలని మొదటి రోజు చెప్పాను. ఆ తర్వాత నాకు ఫోను చేసి, "టీచర్ గారూ, ఈ వరుసలో 31 మాత్రలే వస్తున్నాయి. రెండో ద్రుతంలో గ దీర్ఘమేమో ఒకసారి చూడండి" అన్నారు. పుస్తకం తెచ్చి వెలుతురులో పెట్టి చూస్తే నిజమే, దీర్ఘం సిరా చెరిగిపోయి ఉంది. నేను ప్రూఫులు చూసేటప్పుడు అర్థానికి, రాగానికి అలవాటుపడిన కన్ను అలాంటి చోట జారిపోయే వీలుంది. ఆవిడ కన్ను జారదు, ఎందుకంటే ఆవిడ ప్రతి గడీ లెక్కపెడతారు. ఈ ఒక్క కారణం చాలు, ఈ కేంద్రాన్ని సిఫారసు చేయడానికి.

భైరవి అట తాళ వర్ణం దగ్గర ఇంకో ప్రశ్న వచ్చింది. పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి వర్ణం గురించే చెబుతున్నాను. తాళానికి 14 అక్షరాలు: అయిదు, అయిదు, రెండు, రెండు. పట్టిక వెడల్పు పెరిగిపోతుంది కాబట్టి కేంద్రం యజమానే ఆ పేజీలను అడ్డంగా తిప్పి అమర్చారు. అసలు ప్రశ్న ధైవతం, అంటే ధ స్వరం, గురించి. భైరవిలో ఆరోహణకు చతుశ్శ్రుతి ధైవతం, అవరోహణకు శుద్ధ ధైవతం. రెండింటికీ ధ అనే రాస్తాం. రాగం తెలిసినవారికి సందేహం ఉండదు, కొత్తవారికి ఉంటుంది. స్వరం పక్కన చిన్న అంకె వేయమన్నాను, వేశారు. అంకె వల్ల మంద్రస్థాయి చుక్క కనబడకుండా పోతుందేమోనని రెండు నమూనాలు తీసి చూపించి, నన్నే ఎంచుకోమన్నారు. ఇలాంటి ఓపిక డబ్బిచ్చినా దొరకదు.

ఇక వెలితి గురించి. నాకు కొన్ని కృతులకు గమకాల గుర్తులు కూడా కావాలి. వీణ వాయించేవారికి గమకమే ప్రాణం. ఈ కోరిక కొత్తది కాదు. 1609లోనే సోమనాథుడు అనే సంగీత శాస్త్రకారుడు రాగవిబోధం అనే గ్రంథంలో వీణ మీద పలికే గమకాలకు గుర్తులు ఏర్పరిచాడు. మనకు దగ్గరి కాలంలో ఆ పనిని శిఖరానికి చేర్చినది సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథం. 1904లో ఎట్టయపురంలో, తమిళ దేశం నడిబొడ్డున, తెలుగు లిపిలో అచ్చయింది. అందులో ఒక్కో రకం గమకానికి ఒక్కో గుర్తు: కంపితానికి వంకర గీత, స్ఫురితానికి మూడు చుక్కలు, పైకి పోయే జారుకు ఒక వైపు వాలిన గీత, కిందికి దిగే జారుకు మరో వైపు వాలిన గీత, నొక్కుకు ఒక గుర్తు, రవకు ఒక గుర్తు, ఒదుగుకు ఒక గుర్తు. వందల పేజీల నిండా ఈ గుర్తులన్నీ స్వరాల మీద సీసపు అచ్చుల్లో పేర్చారు. ఆ పుస్తకం పేజీలు నా ఫోనులో చూపించినప్పుడు యజమాని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ గుర్తులకు అచ్చులు విడిగా పోత పోయించి ఉంటారమ్మా" అన్నారు. చేతిపని విలువ తెలిసిన మనిషి మాట అది.

ప్రయత్నించారు. జారు గీతలూ కంపితమూ బాగా వచ్చాయి. నొక్కు, రవ, ఒదుగు మాత్రం వారి ఫాంట్లలో ఉన్న గుర్తులతో సరిపెట్టాల్సి వచ్చింది, అవి స్వరం మీద మరీ చిన్నవయి ఒకదానికొకటి తేడా తెలియడం లేదు. వేగపు గీత కూడా ఉన్న చోట అసలే కలగాపులగం. చివరకు గమకాల గుర్తులు నేనే ఎర్ర కలంతో అచ్చు కాగితం మీద వేసి, ఆ పేజీలను స్కాన్ చేయించుకున్నాను. గమకాలతో సహా పూర్తి పుస్తకం వేయాలనుకునేవారు ఆ గుర్తులకు సొంత ఫాంటు చేయించుకుని వీరి దగ్గరికి వెళితే మంచిది.

పాశ్చాత్య పద్ధతిలో అయిదు గీతల మీద రాసే స్వరలిపి వీరు చేయరు. అమెరికాలో ఉండి నా దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకునే పిల్లలు కొందరు అది అడుగుతారు, బడిలో వయొలిన్ అలా చదవడం అలవాటు కనుక. ఆ పద్ధతి అంటే నాకు గౌరవమే. 11వ శతాబ్దంలో ఇటలీ సన్యాసి గీడో గీతలు గీసి స్వరాల ఎత్తును వాటి మీద చూపించిన నాటి నుంచి, వినని పాటను కూడా కాగితం చూసి పాడగలిగే దారి వారికి ఏర్పడింది. మన కృతులను కూడా ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారు 1893లో మద్రాసులో ఆ లిపిలోనే అచ్చు వేశారు. సుబ్బరామ దీక్షితుల చేత ఆ మహాగ్రంథం రాయించడానికి పట్టుబట్టినవారిలో ఆయనా ఒకరు. కానీ ఆ లిపి స్వరం ఎత్తును ఒక చోట కట్టేస్తుంది. మన షడ్జం పాడేవారి గొంతును బట్టి, వీణ శ్రుతిని బట్టి మారుతుంది. అందుకే పిల్లలకు నేను తెలుగు స్వరలిపే పంపుతాను, తెలుగు చదవడం రాకపోతే ఈ ఏడు అక్షరాలే ముందు నేర్పుతాను. హిందుస్తానీ నేర్పే మిత్రురాలు ఒకరు హిందుస్తానీ సంగీతానికి వాడే భాత్‌ఖండే స్వరలిపి పద్ధతిలో కొన్ని బందిష్‌లు (పాటలు) ఇక్కడే చేయించుకున్నారు. కోమల (తగ్గించిన) స్వరాల కింద అడ్డగీత, తీవ్ర మధ్యమం (హెచ్చించిన మ) మీద నిలువు గీత, సమానికి గుణకారపు గుర్తు. ఆ పేజీలు నేను చూశాను, పొరపాటు కనిపించలేదు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి అన్నమయ్యను గుర్తుచేస్తాను. తాళ్లపాక వారి రాగిరేకుల మీద వేల సంకీర్తనలు నిలిచాయి. ప్రతి దాని తలన రాగం పేరు ఉంది. స్వరం లేదు. అందుకే ఈ రోజు మనం పాడుకునే వరుసలు చాలా వరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. అవి ఎంతో అందమైనవి, నేను ప్రేమతో నేర్పుతాను. కానీ అన్నమయ్య తన నోట ఎలా పాడుకున్నారో ఎవరూ చెప్పలేరు. మా గురువుగారి పాఠం మా ఇంట్లోనే ఉన్న కాగితం మీద ఉండగా దాన్ని వెలిసిపోనివ్వడం నాకు సహించరాని విషయం.

వెళ్లేవారికి కొన్ని సంగతులు. పేజీకి 120 రూపాయలు తీసుకున్నారు. సాహిత్యం లేని జతిస్వరాలకు కొంత తగ్గించారు. మామూలు టైపింగుతో పోలిస్తే ఎక్కువే, పడే శ్రమకు తక్కువ. ప్రూఫులు మూడు విడతలు ఇస్తారు, అదనంగా అడగరు. ఒకేసారి పుస్తకమంతా ఇవ్వకండి, ఒక్క వర్ణం ఇచ్చి పట్టిక వెడల్పు, అక్షరం సైజు ఖాయం చేసుకున్నాక మిగతాది ఇవ్వండి. ప్రతి పాట తలన తాళం, మాత్రల లెక్క మీరే రాసి ఇస్తే ఆవిడ పని సగం తేలికవుతుంది. మీ చేతిరాత గొలుసుకట్టయితే పక్కన కూర్చుని చదివి వినిపించాల్సిందే. అచ్చు కాగితంతో పాటు పీడీఎఫ్, అసలు ఫైలు రెండూ అడిగి తీసుకోండి. అడిగితే అభ్యంతరం లేకుండా ఇస్తారు, అడగకపోతే గుర్తుండదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం శుభలేఖల రద్దీలో గడిచిపోతాయి, అప్పుడు స్వరలిపికి వారాలు పడుతుంది. ఆషాఢంలో వెళ్లండి. గది ఖాళీగా ఉంటుంది, ఆవిడ లెక్కపెట్టుకోవడానికి తీరిక ఉంటుంది.