నెల్లూరు నుంచి సింగపూర్ యూనివర్సల్‌కి: పిల్లల ఎత్తు, పెద్దల మోకాళ్లు చూసుకుని వెళ్లిన యాత్ర

పిల్లల్ని తీసుకుని విదేశంలో థీమ్ పార్కు చూసి రావాలనుకునే వాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇది: టికెట్ల జోలికి పోకముందే పిల్లల్ని చెప్పులు లేకుండా గోడకి నిలబెట్టి ఎత్తు కొలవండి, సెంటీమీటర్లలో రాసిపెట్టుకోండి. పెద్ద రైడ్ల దగ్గర వయసు ఎవరూ అడగరు, ఎత్తే చూస్తారు. సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్‌లో ఎరుపు, నీలం రంగుల్లో జంటగా దూసుకుపోయే బాటిల్‌స్టార్ గెలాక్టికా రోలర్ కోస్టర్లు ఎక్కాలంటే 125 సెంటీమీటర్లు ఉండాలి. చీకట్లో తిరిగే మమ్మీ కోస్టర్‌కి 122, జురాసిక్ పార్క్ నీళ్ల రైడ్‌కి 107, ట్రాన్స్‌ఫార్మర్స్‌కి 102. కాస్త తక్కువైనా వెనక్కి పంపేస్తారు. బతిమాలి లాభం లేదు, బతిమాలకూడదు కూడా. సీట్లో కూర్చున్నాక ఒడి మీదికి దిగే కడ్డీ, ఆ ఎత్తు ఉన్న మనిషినే గట్టిగా పట్టుకుంటుంది.

మా పెద్దోడు 130 దాటాడు. పాప 105 దగ్గరుంది. మా అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. ఏ దేశం, ఏ పార్కు, ఏ హోటలు అన్న ప్రశ్నలన్నిటికీ ఈ ముగ్గుర్నీ చూసుకునే జవాబు వెతికాం.

దుబాయ్ మాట ముందు వచ్చింది. వేసవి సెలవుల్లో అక్కడి ఎండ మన రోహిణి కార్తెకి తీసిపోదు కాబట్టి బయటి పార్కులు కుదరవు. ఐఎంజీ వరల్డ్స్, అబుదాబిలోని ఫెరారీ వరల్డ్ లాంటివి కప్పు కింద, ఏసీలో ఉంటాయి, ఎండ బాధ లేదు. కానీ ఫెరారీ వరల్డ్‌కి పేరు తెచ్చింది గంటకి 240 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కోస్టరు. కాలేజీ వయసు పిల్లలున్న ఇంటికి అది సరిపోతుంది. చిన్నపిల్లలే ఉన్న ఇంటికైతే హాంకాంగ్ డిస్నీల్యాండ్ మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. అక్కడ 112 సెంటీమీటర్లు అడిగే గ్రిజ్లీ కోస్టరు, 102 అడిగే ఒకటి రెండు రైడ్లు తప్పిస్తే మిగతావాటిలో చాలావరకు అందరూ కలిసి ఎక్కొచ్చు. మనవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే 14 రోజుల వరకు వీసా లేకుండా ఉండొచ్చు. కాకపోతే విమాన ప్రయాణం ఎక్కువ, ఇడ్లీ సాంబారు అంత సులువుగా దొరకవు. అత్తమ్మని దృష్టిలో పెట్టుకుని సింగపూర్ ఖాయం చేశాం. చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానం, దిగాక మన తిండి, ఒక్క రోజులో తిరిగేయగలిగిన పార్కు. యూనివర్సల్ దాదాపు 20 హెక్టార్లు, అంటే 50 ఎకరాల లోపే. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు పార్కు చిన్నదై ఉండటం పెద్ద వరం.

తేదీల విషయంలో కొంచెం లెక్క చూసుకోవాలి. మన బడులకి ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. సింగపూర్ బడులకి మే చివర మొదలై జూన్ అంతా సెలవులు. కాబట్టి మే మూడో వారం లోపల వెళ్లి వచ్చేస్తే అక్కడి పిల్లలు ఇంకా బడుల్లో ఉంటారు, క్యూలు బాగా తగ్గుతాయి. శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాల్లో పార్కు పెట్టుకోండి. దసరా సెలవులకి వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో హాలోవీన్ కార్యక్రమం ఉన్న రోజుల్లో పార్కు సాయంత్రం పెందలాడే మూసేస్తారు, టికెట్ ధర మాత్రం తగ్గదు. సంక్రాంతికి వెళ్తే వాన ముసురు. అక్కడ ఏడాది పొడుగునా వాన పడుతుంది గానీ నవంబరు నుంచి జనవరి దాకా మరీ ఎక్కువ. మెరుపులొస్తే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు.

వీసా మనకి తప్పనిసరి, గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారానే పెట్టాలి. అసలు ఫీజు 30 సింగపూర్ డాలర్లు. పైన వేసేదంతా ఏజెంటు చార్జీయే, కాబట్టి ఇద్దరు ముగ్గుర్ని అడగండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఇది పిల్లల దగ్గరే ఎక్కువమంది మరిచిపోతారు, ఎందుకంటే పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే అయిపోతుంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే సింగపూర్ ప్రభుత్వం అడిగే రాక వివరాల ఫారం, ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

ప్యాకేజీయా, సొంతంగానా అన్నది చాలామంది అడుగుతారు. మేము ముందు ఒక ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీ కాగితం చూశాం. చూడ్డానికి చవకే. గీతలు పెట్టుకుంటూ చదివితే హోటలు మెట్రో స్టేషనుకి దూరం, పార్కులో ఉండనిచ్చేది బస్సు వెనక్కి వచ్చే టైం దాకే, మధ్యాహ్నం భోజనం అందరితోపాటు ఒక చోటే. మోకాళ్ల నొప్పులున్న మనిషి బస్సు కోసం పరుగెత్తలేదు, నిద్రొచ్చే పాప బస్సు కోసం ఆగలేదు. పైగా విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ పేరుతో పన్ను వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది గానీ చేతిలో డబ్బు అప్పటికి పోతుంది. సొంతంగా టికెట్లు, హోటలు, పార్కు విడివిడిగా తీసుకున్నాం. ఇంగ్లిషు నాలుగు ముక్కలు చదవగలిగిన వాళ్లు ఇంట్లో ఒక్కరుంటే చాలు, సింగపూర్‌కి ప్యాకేజీ అక్కర్లేదని గట్టిగా చెబుతాను.

బస ఎక్కడన్నదే ఈ యాత్రలో అన్నిటికంటే బాగా కుదిరిన నిర్ణయం. సెంతోసా దీవి మీదే, పార్కు పక్కనే హోటళ్లున్నాయి. అందంగా ఉంటాయి, ధరలు కూడా అలాగే ఉంటాయి, పొద్దున టిఫిన్ దగ్గర్నుంచీ అన్నిటికీ వాళ్ల రేటే. మేము లిటిల్ ఇండియాలో, ఫారర్ పార్క్ స్టేషనుకి నడిచిపోయే దూరంలో దిగాం. మ్యాపులో చూస్తే పార్కుకి దూరంగా కనిపిస్తుంది. కానీ మెట్రో మ్యాపులో ఊదారంగు గీతగా కనిపించే నార్త్ ఈస్ట్ లైను ఫారర్ పార్క్ నుంచి హార్బర్‌ఫ్రంట్ దాకా తిన్నగా పోతుంది, ఎక్కడా రైలు మారే పని లేదు. ప్రతి స్టేషనులోనూ లిఫ్టు ఉంది. అత్తమ్మ మెట్టు ఎక్కకుండా పార్కుకి చేరారు. లిటిల్ ఇండియా హోటళ్లలో ఒక జాగ్రత్త: గదులు ఇరుకు, కొన్నిటికి కిటికీ ఉండదు. బుక్ చేసేటప్పుడు కిటికీ ఉన్న గదేనా అని చూడండి, పిల్లలతో సహా ఎంతమందో నిజంగా రాయండి. మన దగ్గర మాదిరి ఇంకో పరుపు వేయించుకుందాంలే అంటే అక్కడ చాలాచోట్ల ఒప్పుకోరు.

తిండికి సెరంగూన్ రోడ్డు చాలు. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోశ, అరిటాకు భోజనం దొరుకుతాయి. అత్తమ్మ కాఫీకి మంచి మార్కులే వేశారు. రేస్ కోర్స్ రోడ్డులో చేప తలకాయ కూర చాలా ప్రసిద్ధి. మా ఆయన ఆశగా తిన్నారు, బాగుందన్నారు, కానీ మామిడికాయ వేసిన మన చేపల పులుసుతో దాన్ని పోల్చకండి, అది వేరే వంట. ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు కట్టేవాళ్లు జాగ్రత్త. గసగసాలు సింగపూర్‌లో నిషిద్ధం. మన మసాలా పొడుల్లో అవి పడతాయి కాబట్టి ఇంట్లో కొట్టిన మసాలా ఏదీ పెట్టెలో వేయకండి. చికెన్, మటన్ పచ్చళ్లు కూడా వదిలేయండి, మన దేశం నుంచి మాంసం పదార్థాలు రానివ్వరు. చూయింగ్ గమ్ కూడా అక్కడికి తీసుకెళ్లకూడదు. నిమ్మకాయ పచ్చడి, కరివేపాకు పొడి మాత్రం మాతో వచ్చాయి. పెరుగన్నం లేనిదే పాప నిద్రపోదు.

ఊళ్లో తిరగడానికి మెట్రో, బస్సే మంచివి. బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకిస్తే చాలు, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. మన కార్డు మీద బ్యాంకు విదేశీ మారకపు చార్జీ ఎంత వేస్తుందో ముందే కనుక్కోండి, చాలా కార్డుల మీద వందకి మూడున్నర రూపాయల దాకా పడుతుంది. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. మామూలు టాక్సీలో నలుగురికి మించి ఎక్కించుకోరు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటామన్నా కుదరదు. యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లలో 135 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ప్రత్యేక సీటు ఉండాలని చట్టం, మామూలు టాక్సీలకి ఆ నిబంధన లేదు. పిల్లలున్నవాళ్లు టాక్సీనే పిలవండి.

ఇక పార్కు రోజు. హార్బర్‌ఫ్రంట్‌లో దిగి పైన వివోసిటీ మాల్‌లోంచి సెంతోసా ఎక్స్‌ప్రెస్ మోనోరైలు ఎక్కాలి. వెళ్లేటప్పుడే మనిషికి 4 డాలర్లు, వచ్చేటప్పుడు ఉచితం. కుర్రాళ్లయితే పక్కనే బోర్డ్‌వాక్ మీద నడిచి డబ్బు లేకుండా వెళ్లొచ్చు. పార్కు టికెట్ పెద్దలకి 80 డాలర్లు దాటుతుంది, అంటే మన డబ్బులో అయిదు వేల పైమాటే. 4 నుంచి 12 ఏళ్ల పిల్లలకి కొంచెం తక్కువ, నాలుగేళ్ల లోపు ఉచితం.

తెరిచే వేళకి అరగంట ముందే గేటు దగ్గర ఉన్నాం. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ జనంలో తిరిగినవాళ్లకి ఆ జనం ఒక జనం కాదు, కానీ మధ్యాహ్నానికి ఉక్కపోతలో గంట గంటన్నర నిలబడటం పిల్లలకి కష్టం. అందుకే మొదటి గంటన్నర బంగారం. మా ఆయన, పెద్దోడు తిన్నగా కోస్టర్ల వైపు పోయారు. నేను, అత్తమ్మ, పాప 2025 ఫిబ్రవరిలో తెరిచిన మినియన్ ల్యాండ్‌కి పోయాం. పదకొండున్నరకి ఒక చోట కలిశాం. కుటుంబమంతా రోజంతా కలిసే తిరగాలన్న పట్టుదల వదిలేస్తే అందరికీ ఎక్కువ రైడ్లు అందుతాయి.

క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాసు వేరే కొనాలి. రద్దీ రోజుల్లో దాని ధర బాగా పెరుగుతుంది. మే నెల మధ్యలో, పనిరోజున, దాని అవసరం మాకు కనపడలేదు. జూన్‌లో తప్పక వెళ్లాల్సొస్తే పెద్ద రైడ్లు ఎక్కేవాళ్లకి మాత్రం తీసుకోండి, 105 సెంటీమీటర్ల పాపకి, కోస్టరు జోలికి పోని నాయనమ్మకి దండగ. ఒంటరిగా కూర్చోడానికి భయపడని వాళ్లకి సింగిల్ రైడర్ క్యూ ఉంది, పైసా అక్కర్లేదు, చాలా త్వరగా కదులుతుంది.

పెద్దవాళ్లకి అక్కడ ఏముంటుందని మా ఒంగోలు ఆడపడుచు అడిగింది. చాలానే ఉంది. వాటర్‌వరల్డ్ ప్రదర్శనలో పడవలు, మంటలు, దూకుళ్లు కళ్లెదుటే జరుగుతాయి. ముందు వరసలు తడిసిపోతాయి, వెనక కూర్చుంటే హాయి. సెసమీ స్ట్రీట్ రైడు ఏసీలో నెమ్మదిగా సాగుతుంది, పాపకీ నాయనమ్మకీ ఇద్దరికీ కుదిరింది. గేటు లోపల వీల్‌చైరు, పిల్లల్ని తోసుకెళ్లే స్ట్రోలరు బండి అద్దెకిస్తారు. అత్తమ్మ మొదట వద్దన్నారు, నేను పట్టుబట్టి తీసుకున్నాను. సాయంత్రం దాకా ఆమె మొహంలో అలసట లేదంటే ఆ కుర్చీ వల్లే. ఖాళీ సీసాలు తీసుకెళ్లండి, అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చు. వానకోటు ఇంటి నుంచే తీసుకెళ్లండి, లోపల ధర ఎక్కువ.

పార్కు మరుసటి రోజు ఏమీ పెట్టుకోకండి. మేము పొద్దెక్కేదాకా పడుకుని, సెరంగూన్ రోడ్డులోనే ఉన్న శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్లాం, సాయంత్రం గార్డెన్స్ బై ద బేలో దీపాల ప్రదర్శన చూశాం. 7:45కి, 8:45కి రోజూ ఉంటుంది, టికెట్ లేదు. నైట్ సఫారీ ట్రామ్‌లో కూర్చుని చూడొచ్చు కాబట్టి పెద్దవాళ్లకి బాగుంటుంది, కానీ ఊరికి దూరం, తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి. చిన్నపాప ఉంటే నేనైతే మానుకోమంటాను. చాంగీ ఎయిర్‌పోర్టులో జ్యువెల్ జలపాతం, 40 మీటర్ల పైనుంచి పడేది, తిరుగు ప్రయాణం రోజున చూడండి. అదీ ఉచితమే.

నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకి ఇద్దరు ముగ్గురైతే రైల్లో సెంట్రల్‌కి చేరి, అక్కడి నుంచి మెట్రో నీలం లైనులో ఎయిర్‌పోర్టుకి తిన్నగా వెళ్లొచ్చు. పెద్దవాళ్లు, పెట్టెలు ఉంటే కారే మేలు. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి మధురవాయల్, పోరూరు మీదుగా వెళ్తే ఊళ్లోకి దిగే బాధ ఉండదు, అయినా నాలుగు గంటలు చేతిలో పెట్టుకోండి. ఒంగోలు వాళ్లకి గన్నవరం కూడా దగ్గరే, అక్కడి విమానాలు కూడా చూసుకోవచ్చు. తిరిగొచ్చే విమానం చాలాసార్లు అర్ధరాత్రి దిగుతుంది, ఆ వేళకి రైళ్లుండవు, నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని ఎయిర్‌పోర్టు బయట కారు బేరాలు చేయడం మంచిది కాదు. నెల్లూరులోనే తెలిసిన డ్రైవరుతో వచ్చేరోజుకి కూడా ముందే మాట్లాడుకుని, విమానం నంబరు అతనికిచ్చి బయల్దేరండి.