వయసు మళ్ళిన కుక్కను దత్తత తీసుకునేవారికి హెచ్చరిక: మీ డాక్టరు చూడకముందే సంతకం చేయకండి

జంతు సంరక్షణ కేంద్రాల నుంచి వయసు మళ్ళిన కుక్కలను దత్తత తీసుకోవాలని ఆలోచిస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. అటువంటి కుక్కలకు ఇల్లు దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి, ఇది చదివి ఎవరూ వెనక్కి తగ్గవద్దని ముందే మనవి చేస్తున్నాను. అయితే కేంద్రం వాళ్లు చెప్పే వయసును, ఆరోగ్యాన్ని, పిల్లలు పుట్టకుండా చేయించామనే ఆపరేషన్‌ను నోటిమాట మీద మాత్రం నమ్మకండి. హైదరాబాదు శివార్లలోని ఒక కేంద్రం నుంచి మేము తెచ్చుకున్న లాబ్రడార్ విషయంలో ఆ మూడూ అబద్ధాలని తేలాయి. వాటి ఫలితాన్ని అందరికంటే ఎక్కువగా అనుభవించింది ఆ మూగజీవమే.

ఏడేళ్ల ఆడకుక్క అని, గర్భసంచి ఎప్పుడో తీయించామని, టీకాలన్నీ వేయించామని, యజమానులు విదేశాలకు వెళ్లిపోతూ వదిలేశారని మాకు చెప్పారు. అప్పగించిన రోజున అది చక్కగా నడిచి వచ్చి కారెక్కింది. కొద్ది రోజులకే వెనక కాళ్లు ఈడ్వడం మొదలుపెట్టింది, నున్నటి గచ్చు మీద కూర్చుంటే లేవలేకపోయింది. ఆ తరువాత గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం, అన్నం ముట్టకపోవడం, కింది నుంచి చీము కారడం కనిపించాయి. అల్ట్రాసౌండ్ తీయిస్తే, తీయించేశామని చెప్పిన గర్భసంచి చీముతో నిండి ఉంది. దీనిని డాక్టర్లు పయోమెట్రా అంటారు. గర్భసంచి ఉన్న ఆడకుక్కలకు, ముఖ్యంగా వయసు మళ్ళినవాటికి, ఎదకు వచ్చిన కొన్ని వారాల తరువాత వచ్చే ప్రాణాంతకమైన జబ్బు ఇది. దానికి తోడు రక్తపరీక్షలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం బయటపడింది, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ పెరిగి ఉంది. ప్లేట్‌లెట్లు అంత తక్కువగా ఉండగా పొట్ట కోస్తే రక్తస్రావం ఆగదేమోనన్న భయం, ఆపరేషన్ వాయిదా వేస్తే విషం ఒళ్లంతా పాకుతుందన్న భయం. ఆ రెండింటి మధ్య డాక్టరు రక్తం ఎక్కించి ఆపరేషన్ చేశారు. అది బతికింది. మూత్రపిండాలు మాత్రం మునుపటిలా లేవు, ఇక జీవితాంతం పథ్యమే.

పళ్లు, కళ్లు, తుంటి ఎక్స్‌రే చూసిన డాక్టరు దాని వయసు పది దాటి ఉంటుందన్నారు. తుంటి కీళ్లు అంతగా అరిగిన కుక్క అప్పగింత రోజున కుంటకుండా నడవడానికి నొప్పి మందు గాని, స్టెరాయిడ్ గాని ఇచ్చి ఉంటారని ఆయన అనుమానించారు. దానికి మా దగ్గర రుజువు లేదు కాబట్టి ఆరోపణగా రాయడం లేదు. కానీ అలా జరగడానికి ఎంత వీలుందో తెలుసుకోవడం అవసరం: మెలాక్సికామ్ వంటి నొప్పి మందు కుంటడాన్ని కొద్ది రోజులు కప్పిపెట్టగలదు, పైగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్న కుక్కకు అదే మందు మరింత హాని చేస్తుంది. అందుకే గత నెల రోజుల్లో ఏయే మందులు ఇచ్చారో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే కేంద్రం నుంచి కుక్కను తెచ్చుకోకపోవడమే మంచిది.

ఈ సంగతులన్నీ మాకు కుక్కను ఇచ్చిన కేంద్రం వాళ్లకు చెప్పి, పాత వైద్య కాగితాలైనా పంపమని కోరితే, వైద్య ఖర్చులన్నీ దత్తత తీసుకున్నవారివేనన్న ఒప్పందంలోని వాక్యాన్ని ఫొటో తీసి పంపారు. ఇష్టం లేకపోతే తిరిగి తెచ్చి ఇవ్వమన్నారు. ఆపరేషన్ బల్ల మీద ఉన్న కుక్క గురించి వాళ్లు అన్న మాట అది. ఖర్చు మేమే భరించాలన్న నియమాన్ని నేను తప్పుపట్టను, చాలాచోట్ల అది మామూలే. తెలిసిన జబ్బులను దాచబోమన్న హామీ ఆ ఒప్పందంలో ఎక్కడా లేకపోవడమే నా అభ్యంతరం. మీరు ఆ వాక్యం రాయించుకోండి. వీలైతే మొదట కొన్ని వారాలు ఫాస్టర్ పద్ధతిలో, అంటే దత్తత కాకుండా తాత్కాలికంగా, ఇంట్లో ఉంచుకుని, ఆ తరువాతే దత్తత పత్రం మీద సంతకం చేయండి.

వయసు విషయంలో ఎవరి అంచనా అయినా అంచనాయే. కుక్కపిల్లకు ఆరేడు నెలలు వచ్చేసరికి శాశ్వత దంతాలన్నీ వచ్చేస్తాయి కాబట్టి, ఆ తరువాత పంటి అరుగుదల, గార చూసి చెప్పవలసిందే. పళ్లు శుభ్రం చేయిస్తే పెద్ద కుక్క కూడా చిన్నదానిలా కనిపిస్తుంది. అందుకే వయసు అంకె కన్నా పరీక్షలకు విలువ ఇవ్వాలి. పూర్తి రక్తపరీక్ష, మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు, మూత్రపరీక్ష, పిడుదుల జ్వరం పరీక్ష, పెద్ద జాతులకు తుంటి ఎక్స్‌రే, ఆడకుక్కకు తప్పనిసరిగా పొట్ట అల్ట్రాసౌండ్ చేయించాలి. మూత్రపిండాల సామర్థ్యం దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా క్రియాటినిన్ పెరగకపోవచ్చు కాబట్టి, మూత్రపరీక్షను అనవసరమనుకుని వదిలేయకండి. పగ్, పొమరేనియన్ వంటి చిన్న కుక్క దగ్గుతూ ఉంటే గుండెను కూడా చూపించాలి. హైదరాబాదులో ప్రైవేటు క్లినిక్కుల ఖర్చు భరించలేనివారు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి గాని, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు గాని తీసుకెళ్లవచ్చు.

టీకాల పుస్తకంలో సంతకాలు మాత్రమే ఉంటే సరిపోదు. సీసా మీద నుంచి తీసి అతికించిన స్టిక్కరు, దాని మీద బ్యాచ్ నంబరు ఉండాలి. మాకిచ్చిన పుస్తకంలో ఒక్క స్టిక్కరూ లేదు, రేబిస్ టీకా మళ్లీ వేయించవలసి వచ్చింది. వీధికుక్కకైతే ఆపరేషన్ గుర్తుగా చెవి కొసను కత్తిరిస్తారు, ఇళ్లలో పెరిగిన జాతికుక్కకు సాధారణంగా ఆ గుర్తు ఉండదు. కాబట్టి ఏ డాక్టరు, ఏ తేదీన ఆపరేషన్ చేశారో తెలిపే పత్రం అడగండి. సాగిపోయిన పొదుగు కనిపిస్తే, పిల్లల కోసం వాడుకుని వదిలేసిన తల్లి కావచ్చని అనుమానించి మరింత జాగ్రత్తగా పరీక్ష చేయించండి.

డబ్బు గురించి కూడా ఒక మాట. టీకాలకు, ఆపరేషన్‌కు అయిన ఖర్చును రశీదు ఇచ్చి తీసుకోవడం న్యాయమే, కానీ ఆ రశీదు సంస్థ పేరు మీద, రిజిస్ట్రేషన్ నంబరుతో ఉండాలి. కుక్కను చూపించకముందే రవాణా పేరుతో ఎవరిదో సొంత నంబరుకు యూపీఐలో డబ్బు పంపమంటే పంపవద్దు. పంపి మోసపోయినవారు వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930 కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వాలి.

కేంద్రాలు ఇలా ఎందుకు చేస్తాయో నాకు తెలియకపోలేదు. చోటు చాలదు, వచ్చినవాళ్లందరూ కుక్కపిల్లలనే అడుగుతారు, పెద్ద కుక్కలు ఏళ్ల తరబడి బోనుల్లోనే ఉండిపోతాయి. అయినా అబద్ధం చెప్పి పంపిన కుక్క చివరికి రోడ్డు మీదికే వెళ్లవచ్చని వాళ్లు గ్రహించాలి. గర్భసంచి ఉందని, కీళ్లు అరిగాయని మాకు ముందే చెప్పి ఉంటే కూడా మేము దానిని తెచ్చుకునేవాళ్లమే. తెచ్చుకున్న మొదటి రోజే చికిత్స మొదలై ఉండేది.

ఇప్పటికే ఇలాంటి కుక్కను తెచ్చుకుని ఇబ్బంది పడుతున్నవారు దయచేసి దానిని వదిలేయకండి. పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ముందు రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించండి; రిపోర్టులు, ఒప్పందం, మాట్లాడిన సందేశాలు అన్నీ దాచి, భారత జంతు సంక్షేమ మండలికి, మీ జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మేమూ అదే చేశాము.