పల్లమైపోయిన పాతిల్లు: మోటారా, మెరకా, జాకీలా?

కోనసీమలో మా తాతగారి ఇంటి అరుగెక్కడానికి ఒకప్పుడు అయిదు మెట్లుండేవి. ఇప్పుడు రెండే కనిపిస్తాయి. మెట్లను ఎవరూ తీసేయలేదు, రోడ్డే పైకొచ్చింది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోసుకుంటూ పోయారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరదొచ్చి, గట్లు తెగి ఊళ్లు మునిగినప్పుడు కూడా మా ఇంటి దగ్గర నీళ్లు రెండో మెట్టు మీదే ఆగాయని నాన్నమ్మ చెప్పేది. ఆ గోదారి ఎక్కలేకపోయిన మూడో మెట్టు ఇవాళ రోడ్డు కింద ఉంది. ఇప్పుడు ఓ మోస్తరు వానకే ఇంట్లో నీళ్లు.

మన వైపు బేస్‌మెంటు అంటే ఇంటిని నేల మీద ఎత్తుగా నిలబెట్టే కట్టడమే. నాలుగడుగులు తవ్వితే నీరు పడే చోట నేలమాళిగ ఎవరు కట్టుకుంటారు? అయితే రోడ్డు పెరిగి పెరిగి మా మండువానే, అంటే ఇంటి మధ్యలో పైకప్పు లేకుండా వదిలిన పల్లాన్నే, నేలమాళిగ చేసేసింది. మెట్టుకి ఏడంగుళాల లెక్కన మూడు మెట్లు మునిగాయంటే రోడ్డు 21 అంగుళాలు లేచినట్టు. వసారా మీద నుంచి మండువాలోకి దిగితే రెండడుగుల పల్లం. ఆ రెండడుగుల్లోంచి ఇంకా పైకి కనిపిస్తున్న రెండు మెట్ల 14 అంగుళాలు తీసేస్తే మండువా అడుగు రోడ్డుకంటే 10 అంగుళాలు కింద తేలింది. కొబ్బరికాయలు పోసుకునే కొట్టుగది కూడా అదే మట్టంలో ఉంది.

పోయిన ఏడాది ఓ రాత్రి బాబాయ్ నన్ను లేపి టార్చి వేసి చూపించాడు. మండువాలో పడ్డ వాన తూములోంచి వీధి కాలువలోకి పోవాలి కదా, తూము మూతి దగ్గర బుడగలొస్తున్నాయి. వేపాకుల్నీ ఓ బిస్కెట్ కవరునీ తోసుకుంటూ వీధి నీళ్లే లోపలికొస్తున్నాయి. తెల్లారేసరికి కొట్టుగదిలో కొబ్బరికాయలు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ తేలుతున్నాయి.

ఆ మర్నాడే ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. బాబాయ్ గుంత తవ్వి మోటారు పెడదామన్నాడు. పెద్దనాన్నగారు మెరక తోలించి గొడవ వదిలించుకుందామన్నారు. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య మాత్రం జాకీలతో ఇల్లే లేపేద్దామని వీడియోలు పంపించాడు. ఊళ్లోవాళ్లు నాలుగో సలహా ఇచ్చారు, ఇంకుడు గుంత తీయమని. నల్లరేగడి నేలలో, అదీ కాలువలకి నీళ్లొదిలాక ఊట పైపైకే ఉండే చోట, ఇంకుడు గుంత నీళ్లు తాగదు సరికదా తనే కక్కుతుంది. అది మొదటి రోజే కొట్టేశాం.

మెరక సంగతి ముందు చెప్తాను, ఎక్కువమంది చేసేది అదే కాబట్టి. ట్రాక్టర్లతో బుసక, అంటే ఇసక మట్టి, తోలించి, తడిపి, దిమ్మిస కొట్టి, పైన గచ్చు చేసేస్తే చూడ్డానికి పని పూర్తయినట్టే ఉంటుంది. కరెంటుతో పని లేదు, రాత్రి లేవక్కర్లేదు. పొలం మట్టి మాత్రం పోయించొద్దు. నల్లమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చి పై గచ్చుని పగలగొడుతుంది. మా లెక్కలో మండువాకి కనీసం 15 అంగుళాలు పోయాలి. అప్పుడు రోడ్డు మీద 5 అంగుళాలు తేలుతుంది. మండువా సరే, కొట్టుగది? దాని గుమ్మమే అయిదున్నర అడుగులు. 15 అంగుళాలు తీసేస్తే నాలుగడుగుల మూడంగుళాలు మిగులుతుంది, కొబ్బరి బస్తా నెత్తిన పెట్టుకుని ఎవడు దూరగలడు? పోనీ వసారా కూడా లేపుదామంటే చూరు తలకి తగులుతుంది. రాతి దిమ్మల మీద నిలబడ్డ టేకు స్తంభాల మొదళ్లు బుసకలో కూరుకుపోతాయి. గాలి తగలని తడి కర్రకి చెద పట్టకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అన్నిటికీ మించి, ఈ 5 అంగుళాల ఆధిక్యం ఇంకో రోడ్డు పడేదాకానే.

జాకీల పని నేను కళ్లారా చూశాను. పక్కవీధిలో ఓ డాబాని నాలుగడుగులు లేపారు. హర్యానా నుంచి వచ్చిన పనివాళ్లు గోడల కింద వరసగా ఇనుప చానెళ్లు దూర్చి, జాకీలు పెట్టి, ఒకడు కేకేస్తే అందరూ ఒక్కసారే తిప్పుతారు. లేచినంత మేరా కింద ఇటుక కట్టుకుంటూ పోతారు. ఇంట్లో గోడ గడియారం కూడా కదల్లేదు. కానీ ఆ డాబాకి కాంక్రీటు బెల్టు ఉంది, గోడలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని లేచాయి. మా గోడలు సున్నంతో కట్టినవి, బెల్టు లేదు, నెత్తిన పెంకుల బరువు. మా మేస్త్రీ ఓ మూల పెచ్చు ఊడదీసి ఇటుకల సందులో మేకుతో గీకాడు. సున్నం పిండిలా రాలింది. "లేపొచ్చండీ, మొత్తం లేస్తుందో సగమే లేస్తుందో చెప్పలేనండీ" అన్నాడు. అన్నయ్య వీడియోలు పంపడం మానేశాడు. మీది స్తంభాలూ బెల్టూ ఉన్న డాబా అయితే, చదరపు అడుగు లెక్కన పోసే డబ్బుంటే, ఈ మూడు దారుల్లోనూ జాకీలదే పైచేయి అంటాను. పైపులూ మరుగుదొడ్డి కనెక్షనూ మెట్లూ మళ్లీ చేయించుకునే ఖర్చు విడిగా ఉంటుందని మాత్రం ముందే రాసుకోండి.

ఇక మోటారు. దీన్ని అందరూ తాత్కాలికం అని తీసిపారేస్తారు. నేనూ అలాగే అనుకున్నాను, లెక్క వేసేదాకా. లోపలి వాలు పెంకులూ మండువా కలిపి ఓ 600 చదరపు అడుగుల మీద పడ్డ వానే మా ఇంటి సొంత నీరు. 10 సెంటీమీటర్ల వాన పడినా అది 5,500 లీటర్లకి కాస్త ఎక్కువ, అంతే. నిమిషానికి 100 లీటర్లు తోడే చిన్న మురుగు మోటారుకి గంట పని. అయితే ముందు వీధి తూము మూసేయాలి. అది తెరిచి ఉంచి మోటారు వేస్తే మనింటి నీళ్లు కాదు, వీధి వీధినంతా మనమే తోడుతున్నట్టు. చాలామంది మోటారు పెట్టి పెదవి విరిచేది ఇక్కడే.

మేం చేసింది ఇది. తూముని సిమెంటుతో బిగించేశాం. మండువా మూల రెండు నూతి ఒరలు దింపి అందులో మోటారు పెట్టాం. పైపుని వీధి వైపు కాకుండా పెరటి కొబ్బరితోట వెనక ఉన్న మురుగు కోడులోకి, అంటే సముద్రం వైపు పోయే మురుగు కాలువలోకి, తీసుకెళ్లి, మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు వేశాం. మోటారు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే లైను ఆపేసే స్విచ్చు, పెట్టించి, స్విచ్చు బోర్డుని ఛాతీ ఎత్తుకి మార్చాం. నీళ్లలో అడుగు పెట్టేముందు మెయిన్ ఆపడం ఇంట్లో పిల్లలక్కూడా నేర్పాం.

లోపాలు లేవని కాదు. గాలీవానా వచ్చిన రాత్రే కరెంటు పోతుంది, అందుకని బాబాయ్ పొలం ఇంజను ఒకటి షెడ్డులో సిద్ధంగా ఉంచుతాడు. సముద్రం పోటు మీదుంటే కోడు లాగదు, నిండుగా నిలబడిపోతుంది. అప్పుడు పాటు వచ్చేదాకా కోడు గట్టు మీద నుంచి పైపుని అవతలి చేలోకి వదలాల్సిందే, చేను మనదే కాబట్టి సరిపోయింది. ఊట మోటారుతో తగ్గదు. వాన లేని రోజుల్లోనూ, ముఖ్యంగా జూన్‌లో కాలువలు వదిలాక, గోడ మొదలు చెమ్మగా ఉంటే అది ఊటే. దానికి మేం గోడ కింది భాగంలో ఎప్పుడో వేసిన సిమెంటు పూత గీకించేసి మళ్లీ సున్నం పూయించాం. సిమెంటు పూత తడిని లోపలే బంధిస్తే చెమ్మ నడుముదాకా పాకింది. సున్నానికైతే ఆరే గుణం ఉంది. ఇక అసలు గోదారే వస్తే, ధవళేశ్వరంలో 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరితే, మోటారు గురించి ఆలోచించేది లేదు. దస్తావేజులూ బియ్యమూ అటక మీదకి, మనుషులు మెరక ఊరికి.

పెద్దనాన్నగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు. "ఎన్నాళ్లు తోడతార్రా?" అంటారు. మొన్న వీధి చివర మళ్లీ కంకర కుప్పలు పోశారు. బాబాయ్ టేపు తీసుకెళ్లి నాలుగో మెట్టు కొలిచి వచ్చి, ఒర మీద మూత తీసి మోటారు ఓసారి ఆడించి చూసుకున్నాడు.