చైన్‌సా ఇంజిన్ పోయిందన్నారా? డబ్బు కట్టే ముందు సైలెన్సర్ విప్పించి చూడండి

పెట్రోలుతో నడిచే చెట్ల రంపం వాడేవాళ్లు, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల తోటలున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఈ వేసవిలో నాకు 4,200 రూపాయలు పోయాయి. డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. బాగున్న ఇంజిన్‌ను రిపేరు పేరుతో పాడుచేసి చేతికిచ్చారు, అదే నేను మింగలేకపోతున్నాను.

మేముండేది ఎల్బీనగర్‌లో. యాచారం దగ్గర చిన్న మామిడితోట ఉంది. మే నెలలో గాలివాన వచ్చిందంటే పెద్ద కొమ్మలు విరిగి పడతాయి, ఒక్కోసారి చెట్టే కూలిపోతుంది. వాటిని కోసి తీయడానికి, కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించడానికి మూడేళ్ల కిందట ఒక చైన్‌సా కొన్నాం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. రంపం మంచిదే.

ఈసారి వాన పడ్డాక తోట చూసుకునే పెద్దాయన ఫోన్ చేశారు. "సారూ, మిషిన్‌కు బలం చాలుతలేదు. కొమ్మకు ఆనిస్తే ఆగిపోతున్నది" అన్నారు. వెళ్లి చూశాను. తాడు లాగితే స్టార్ట్ అవుతోంది. ఐడిల్‌లో బాగానే ఉంది. రేస్ ఇస్తే మాత్రం పైకి లేవడం లేదు, దుంగ మీద పెడితే కూర్చుండిపోతోంది. రంపాన్ని కారులో వేసుకుని సికింద్రాబాద్‌లో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. ఎవరో చెబితే వెళ్లానే తప్ప నాకు ముందు పరిచయం లేదు.

అక్కడి మెకానిక్ తాడు రెండుసార్లు లాగి, "కంప్రెషన్ లేదు సార్, బోరు అయిపోయింది. పిస్టన్ కిట్ మార్చాలి, కార్బొరేటర్ సర్వీస్ చేయాలి" అన్నాడు. బోరు అంటే సిలిండర్ లోపలి గోడ, కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి. దాన్ని కొలిచే గేజ్ పెట్టలేదు, ప్లగ్గు విప్పలేదు, ఎయిర్ ఫిల్టర్ మూత కూడా తీయలేదు. అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఐదు రోజుల తర్వాత వెళ్తే నా ముందే స్టార్ట్ చేసి ఫుల్ రేస్ ఇచ్చాడు. అబ్బ, ఏం శబ్దం! ఈల వేసినట్టు కీచుమని లేచింది. కొత్తప్పుడు కూడా అంత జోరుగా లేదే అని సంబరపడి 4,200 కట్టేశాను. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద "పిస్టన్, రింగులు, కార్బ్ సర్వీస్" అని రాసిచ్చారు. పాత పిస్టన్ ఏదని అడిగితే "స్క్రాప్‌లో పోయింది సార్" అన్నారు.

ఆదివారం తోటకు తీసుకెళ్లాం. మొదటి రెండు దుంగలు కోసింది. మూడోదాని దగ్గర తేడా వచ్చింది. రేస్ వదిలేసినా ఇంజిన్ వెంటనే కిందికి దిగడం లేదు, కాసేపు అలాగే అరుస్తోంది. నాకు అర్థం కాలేదు. మరో పది నిమిషాలకు టక్కున ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. ఇంజిన్ పట్టేసింది.

షాపుకు తిరిగి తీసుకెళ్తే వాళ్లు చెప్పిన మాట ఇది: "మీరు పెట్రోలులో టూటీ ఆయిల్ తక్కువ కలిపారు, మా బాధ్యత లేదు. ఈసారి సిలిండర్ కూడా మార్చాలి, ఇంకో 5,000 అవుతుంది." ఆయిల్ నేనే కొలిచి కలిపాను. మా రంపానికి మాన్యువల్‌లో 50:1 అని ఉంది, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. అంతే పోశాను. చెబితే వినలేదు. రంపం వెనక్కి తీసుకుని వచ్చేశాను.

తర్వాత మా కాలనీలో ఒకాయన చెబితే సాగర్ రోడ్డు మీద స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు బాగుచేసే పెద్దమనిషి దగ్గరికి వెళ్లాను. ఆయన అన్నిటికన్నా ముందు సైలెన్సర్ బోల్టులు విప్పారు. లోపల నిప్పురవ్వలు బయటికి రాకుండా ఒక సన్నటి జాలి ఉంటుంది. ఆ జాలి ముప్పాతిక భాగం మసితో గడ్డకట్టి ఉంది. "పొగ పోయే దారే లేదు, ఇంజిన్ పైకెట్లా లేస్తది?" అన్నారు. మొదటి రోజు నుంచి ఉన్న జబ్బు అదే. అది తీసి బ్రష్‌తో గీకి పెట్టుకుంటే అరగంట పని. మసి ఎందుకు పట్టిందంటే, అంతకుముందు రెండేళ్లు తోటలో ఆయిల్ కొలత లేకుండా చేతివాటంగా, ఎక్కువైతే మంచిదేనని పోసేవారు. ఎక్కువ ఆయిల్ మంచిది కాదు, పూర్తిగా కాలక మసి అవుతుంది.

తర్వాత సిలిండర్ విప్పి ఆయన చూపించినవి మీరు శ్రద్ధగా గమనించాలి. పిస్టన్ తల మీద నల్లటి మసి మందంగా పేరుకుని ఉంది. గంట కూడా నడవని కొత్త పిస్టన్ మీద అంత మసి పట్టదు. సిలిండర్ అడుగున గ్యాస్కెట్ ఫ్యాక్టరీలో వేసిందే, ఎవరూ కదిలించిన ఆనవాలు లేదు. అంటే పిస్టన్ మార్చనేలేదు! మార్చింది ప్లగ్గు ఒక్కటే. ఆ ప్లగ్గు మొన తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉంది. కార్బొరేటర్ మీద హెచ్ అనే స్క్రూకు ఉండే ప్లాస్టిక్ టోపీ విరగ్గొట్టి, స్క్రూను లోపలికి బిగించేశారు.

కీచుమని లేచిన శబ్దం వెనక ఉన్న మోసం ఇదే. హెచ్ స్క్రూను గడియారం ముల్లు తిరిగే వైపు బిగిస్తే ఫుల్ రేస్‌లో పెట్రోలు తగ్గి గాలి పాళ్లు పెరుగుతాయి. ఖాళీగా తిప్పినప్పుడు ఇంజిన్ విపరీతమైన వేగంతో తిరుగుతుంది, చూసేవాడికి బలం వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ రంపంలో ఉండే ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌కు ఆయిల్ వేరే దారిలో రాదు, పెట్రోలులో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. దానికి తోడు మంట వేడి పెరుగుతుంది, ప్లగ్గు మొన తెల్లబడింది అందుకే. పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడను రాసుకుని గీతలు పడి, చివరికి పట్టేస్తుంది. రేస్ వదిలాక కూడా ఇంజిన్ కిందికి దిగకపోవడం దానికి ముందస్తు గుర్తు. అది కనిపించిన వెంటనే ఆపేయాలి. నాకు తెలిసుంటే ఆ పిస్టన్ బతికేది.

సరిగ్గా సెట్ చేసిన రంపం ఎలా ఉండాలో ఆ పెద్దమనిషి వినిపించారు. ఖాళీగా ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు శబ్దంలో కాస్త గరగర ఉండాలి. దుంగకు ఆనించగానే ఆ గరగర పోయి నున్నగా మారాలి. ఖాళీలోనే నున్నగా కీచుమంటోందంటే పెట్రోలు తక్కువ అందుతోందని అనుమానించాలి. కాబట్టి షాపులో గాల్లో తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. ఒక కట్టె ముక్క తీసుకెళ్లి, దాన్ని కోసి చూపించమనండి.

సిలిండర్ గోడ మీద అంటుకున్న అల్యూమినియం శుభ్రం చేస్తే పైపూత బాగానే ఉందని తేలింది. అందుకే సిలిండర్ మార్చాల్సిన పని పడలేదు. పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు, మజూరీ కలిపి 3,100 అయింది, పక్కా బిల్లుతో. పాత పిస్టన్ కవర్లో వేసి నా చేతికిచ్చారు. ఒకవైపు నిలువు గీతలతో చెక్కేసినట్టు ఉంది.

ఇప్పుడు మీ రంపానికి దమ్ము తగ్గితే షాపుకు వెళ్లకముందు ఇంట్లోనే చూసుకోదగ్గవి చెబుతాను. మొట్టమొదట చైన్. చాలాసార్లు ఇంజిన్‌కు ఏమీ కాదు, పళ్లు మొద్దుబారి ఉంటాయి. కోసేటప్పుడు చిన్న చిన్న పెచ్చులు రాలితే పదును ఉన్నట్టు, పిండిలా పొట్టు రాలితే గుండ్రటి ఆకురాయితో సానపట్టాల్సిందే. ఆ పని చేసేటప్పుడు ప్లగ్గు టోపీ పీకేసి ఉంచండి. చైన్ మరీ బిగుతుగా ఉందా, బార్‌కు, అంటే చైన్ తిరిగే పట్టీకి, ఆయిల్ వస్తోందా, చైన్ బ్రేకు పట్టుకుని ఉందా అనేది కూడా చూడండి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. మామిడి పొట్టు, ఆయిల్ కలిసి జిగురులా అంటుకుంటాయి. ట్యాంకులో వేలాడే పెట్రోలు ఫిల్టర్‌ను తీగతో పైకి లాగి చూడండి. నాలుగైదు నిమిషాలు బాగా నడిచి తర్వాత నీరసపడుతోందా? ట్యాంకు మూత కాస్త వదులుచేసి, మళ్లీ బిగించి స్టార్ట్ చేయండి. మళ్లీ ఊపందుకుంటే ట్యాంకులోకి గాలి వచ్చే రంధ్రం పూడుకుందన్నమాట.

పెట్రోలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా రంపాల మాన్యువల్స్ 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, కార్బొరేటర్‌లోని డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొరను, పైపులను గట్టిపడేలా చేస్తుంది. మనలాంటివాళ్లం నెలకో రెండు నెలలకో ఒకసారి రంపం తీస్తాం. కాబట్టి పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. కలిపిన పెట్రోలు నెల దాటితే రంపంలో పోయొద్దు.

ఇవన్నీ చూశాక సైలెన్సర్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రెండు మూడు బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. జాలి శుభ్రం చేయండి. అక్కడితో ఆగకుండా, పొగ వచ్చే రంధ్రంలోకి ఫోన్ టార్చ్ వేసి, తాడు మెల్లగా లాగుతూ పిస్టన్ పక్క భాగం చూడండి. నున్నగా ఉంటే ఆ వైపు పిస్టన్ దెబ్బతినలేదు. నిలువు గీతలు లోతుగా ఉంటే నిజంగానే పోయింది. ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఒక్క ఫోటో నా దగ్గర ఉండి ఉంటే సికింద్రాబాద్ షాపులో నా మాటకు బలం ఉండేది. కంప్రెషన్ లేదని ఎవరన్నా అంటే గేజ్ పెట్టి అంకె చూపించమనండి. ఈ సైజు రంపాల్లో సాధారణంగా 120 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాటి వస్తుంది. 100 లోపు పడితే అప్పుడు పిస్టన్, రింగుల మాట ఎత్తవచ్చు. తాడు లాగి చేత్తో చెప్పే లెక్క లెక్క కాదు.

షాపులో వదిలేముందు పిస్టన్ మారిస్తే పాతది ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. డబ్బు ఫోన్ నుంచే పంపండి, నగదు ఇవ్వొద్దు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వెళ్లాలి. తెల్ల కాగితం, ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు, గీతలు పడ్డ పిస్టన్, తెల్లబడ్డ ప్లగ్గు అన్నీ ఒక డబ్బాలో దాచాను.

మీ రంపం ఇప్పటికే ఏదైనా షాపులో ఉండి, ఇంకా డబ్బు కట్టకపోయి ఉంటే, రేపే వెళ్లి మీ ముందు సైలెన్సర్ విప్పించుకోండి.