నగల డిజైన్ చదువు: నిఫ్టా, ఐఐజీజేనా, ఇంటి కుంపటేనా? ఏది మేలు?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మా నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, ఈ మధ్య నారాయణపేట, దేవరకొండ వైపు నుంచి కూడా ఒకే రకం ఫోన్లు. "పిల్ల బొమ్మలు మంచిగ వేస్తది అన్నా, జ్యువెలరీ డిజైన్ల చేర్పిద్దామనుకుంటున్నం. నిఫ్ట్ మంచిదా, బొంబాయి ఐఐజీజే మంచిదా? ఆరు నెలల క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) కోర్సు చేయిస్తే సరిపోదా?" నిఫ్ట్ అంటే కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ, ఐఐజీజే అంటే నగల పని నేర్పే సంస్థ. ఈ ఏడాది మా మేనకోడలి విషయంలోనూ ఇదే తేల్చాల్సి వచ్చింది కాబట్టి, నా లెక్క ఏమిటో ఇక్కడ రాసి పెడుతున్నా.

బొమ్మలు బాగా వేసే పిల్లలకు కొదవ లేదు. ఆ బొమ్మ నగ అయ్యాక ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పగలిగేవాళ్లే తక్కువ. ఏ కాలేజీ అయినా నేను ముందు చూసేది ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అడ్డంగా రెండు సెంటీమీటర్లుండే బుట్టకమ్మలు. జాలీ, ముత్యాలు, కొక్కెం అన్నీ పక్కన పెట్టి ఉత్త బుట్ట మాత్రమే, అంటే సగం గోళం. కంప్యూటర్‌లో ఒక మిల్లీమీటరు మందంతో గీస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. 22 క్యారెట్లలో పోత పోస్తే జతకు దాదాపు 22 గ్రాములు పడుతుంది. మందం అర మిల్లీమీటరుకు తెస్తే 11 గ్రాములు. ఇంకా తగ్గిద్దామంటే కరిగిన బంగారం అంత సన్నటి సందులోకి సరిగా పారదు, పారినా పాలిష్‌లో అరిగి చిల్లు పడుతుంది. అదే బుట్టను మన అవుసలాయన పావు మిల్లీమీటరు రేకు తీసుకుని, గుంటలున్న దిమ్మెలో పెట్టి కొట్టి, టంకం పెట్టి చేస్తే ఐదున్నర గ్రాములకు అటూఇటూగా తేలుతుంది. తులం లక్ష దాటిన ఈ రోజుల్లో ఐదున్నరకూ ఇరవై రెండుకూ తేడా ఎంతో మీరే వేసుకోండి. తరుగు, మజూరి ఆ తర్వాత మాట.

క్యాడ్ సాఫ్ట్‌వేర్ బరువు చూపిస్తుంది కదా అంటారు. చూపిస్తుంది. ఎక్కడ తగ్గించాలో, పోత మానేసి రేకులో ఎప్పుడు చేయాలో మాత్రం చూపించదు. అది తెలియాలంటే లోహం మీద చెయ్యి పడాలి. అందుకే కాలేజీ వాళ్లను నేను అడగమనే మొదటి ప్రశ్న: పిల్ల గీసిన డిజైన్‌ను పిల్లే లోహంలో చేస్తుందా, లేక గీసిచ్చి వస్తే ఎవరో చేసిపెడతారా?

ఇక నిఫ్ట్. మాదాపూర్‌లో ఉంది, బస్సెక్కితే పూటలో ఇంటికి రావొచ్చు, ఆడపిల్లల తల్లిదండ్రులకు అదే పెద్ద ధైర్యం. మనకు కావాల్సిన కోర్సు పేరు యాక్సెసరీ డిజైన్, నాలుగేళ్ల డిగ్రీ. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. మొదటి ఏడాది అన్ని బ్రాంచీలకూ కలిపి పునాది పాఠాలు. ఆ తర్వాత కూడా నగలు ఒక్కటే ఉండవు: బ్యాగులు, చెప్పులు, గడియారాలు, భోజనాల బల్ల మీది సామాను, అన్నీ వస్తాయి. నగలతో పాటు దీపపు కుందులు, కుంకుమ భరిణెలు, అగరబత్తి స్టాండ్ల వంటి చిన్న లోహ వస్తువుల మీద మనసున్న పిల్లకు ఇది చాలా మంచి చోటు. చేతిపనుల ఊళ్లకు పంపించి నేర్పించే పద్ధతి కూడా ఉంది. పెంబర్తి ఇత్తడి రేకు పని, కరీంనగర్ వెండి తీగ పని, ఆదిలాబాద్ డోక్రా (మైనం అచ్చుతో చేసే) పోత... మూడూ జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉన్నవే, మూడూ మన రాష్ట్రంలోనే. ఇక బయటికొచ్చాక నగల కంపెనీలో ఉద్యోగం దొరక్కపోతే వాచీల కంపెనీకో బ్యాగుల కంపెనీకో పోవచ్చు, దారి మూసుకుపోదు.

చిక్కు ఎక్కడంటే, నగలే కావాలనుకున్న పిల్లకు ఆ నాలుగేళ్లలో నగ మీద గడిచే కాలం తక్కువ. రెండోది, రాత పరీక్ష పేపర్లు ఇంగ్లీషు, హిందీలోనే ఉంటాయి. బొమ్మ, ఊహ చూసే పేపర్‌లో మన పిల్లలు బాగానే నెగ్గుకొస్తారు, ఇచ్చిన సామానుతో మోడల్ చేసి చూపించే సిచుయేషన్ టెస్ట్‌లో ఇంకా బాగా చేస్తారు. తెలుగు మీడియం పిల్లలు వెనకబడేది ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ పేపర్‌లో. మూడోది, ఈ మధ్య ఏళ్లలో పరీక్ష ఫిబ్రవరి మొదట్లో పెడుతున్నారు. రిజల్ట్స్ చూసుకుని ఆలోచిద్దాం అనుకుంటే ఆ ఏడాదికి అయిపోయినట్టే.

ఐఐజీజే అంటే రత్నాభరణాల ఎగుమతి మండలి నడిపే సంస్థ. ముంబై, జైపూర్, ఢిల్లీ, వారణాసి, ఉడుపిలో ఉంది, మనకు దగ్గరైంది ఉడుపి. కొన్ని నెలల కోర్సుల నుంచి మూడేళ్ల కోర్సు దాకా ఉన్నాయి. అన్ని క్యాంపస్‌లలో అన్నీ ఉండవు. వచ్చేది డిగ్రీనా, డిప్లొమానా అన్నది కూడా చేరే ముందే అడిగి రాయించుకోండి, రేపు గ్రూప్స్ రాస్తానంటే అది కావాలి.

ఇక్కడ నాకు నచ్చేది పని బల్ల. బల్ల పని మొదలయ్యేది రాగి రేకుతో. రేకు మీద గీత గీసి, దారం అంత సన్నటి రంపపు బ్లేడుతో ఆ గీత వెంబడే కోయాలి. మొదట్లో బ్లేడ్లు టపటపా విరుగుతాయి. కోసింది ఆకురాయితో సాపు చేయాలి, మూల మట్టం పెట్టి చూస్తే వెలుతురు కనిపించకూడదు. ఆ తర్వాత వెలిగారం పూసి టంకం పెట్టడం. టంకం ముక్క కరగాలి, వస్తువు కరగకూడదు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే అందంగా వంచిన సన్న తీగ ముడుచుకుపోయి గుండులా కూర్చుంటుంది. అది కళ్లారా చూసిన పిల్ల ఇక కాగితం మీద అతుకు పెట్టేటప్పుడు, అక్కడికి మంట ఎలా పోతుంది అని ముందే ఆలోచిస్తుంది. 916 (అంటే 22 క్యారెట్ల) నగలో టంకం తక్కువ క్యారెట్‌ది వాడితే హాల్‌మార్క్ పరీక్షలో ఏమవుతుందో కూడా బల్ల దగ్గరే తెలుస్తుంది, స్క్రీన్ ముందు కాదు.

మా ఇంట్లో చివరికి బొంబాయి ఐఐజీజేకే మొగ్గాం. మా చెల్లెలికి ఇంకా టెన్షనే, అది వేరే సంగతి.

మూడో దారి: ఇంట్లో తండ్రి దగ్గర పని, పైన ఒక క్యాడ్ కోర్సు. షాపున్న ఇంటి పిల్లలకు ఇది తక్కువ ఖర్చులో తేలేది. కమ్మచ్చులో (చిల్లుల పలకలో) తీగ లాగడం, ఒరగల్లు మీద బంగారం చూడడం, చింతపండు నీళ్లలో ఉడకబెట్టి కుంకుడుకాయతో రుద్ది మెరుపు తేవడం ఏ సిలబస్‌లో ఎంతవరకు ఉంటాయో గానీ, మీ ఇంట్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో రైనో, మ్యాట్రిక్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్లు నేర్పే చోట్లు బోలెడు. చేతిపనివాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో కంసాలి పని కూడా ఉంది, పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు ఇస్తారు. దేవరకొండ వైపు తండాల్లో ఘుగ్రీలు, టోప్లీలు అనే లంబాడీ నగలు చేసిపెట్టే ఇల్లు మీదైతే, ఆ వెండి పని చూసి నేర్చుకోవడానికి బయటివాళ్లు ఖర్చుపెట్టుకుని వస్తారని గుర్తుంచుకోండి.

అయితే ఒక మాట నిష్ఠూరంగానే చెప్పాలి. ఇంటి కుంపటి దగ్గర మనం కూర్చోబెట్టేది కొడుకుల్నే. ఆడపిల్లకు పూసలు గుచ్చడం, లెక్కలు రాయడం దాకానే. ఆమెకు ఊదుగొట్టం చేతికిచ్చేది కాలేజీయే. కాబట్టి ఈ మూడో దారి అబ్బాయికి సరిపోతుందని చెప్పినంత సులువుగా అమ్మాయికి నేను చెప్పలేను. ఇంట్లో షాపు లేకుండా ఉత్త క్యాడ్ కోర్సు మాత్రం వద్దు. ఇంకొకరి డిజైన్లు తిరగేసి గీసే పనిలోనే ఉండిపోతారు.

మిగతావి అడుగుతారు కాబట్టి: ఎఫ్‌డీడీఐ (చెప్పుల డిజైన్ సంస్థ) హైదరాబాద్‌లోనే ఉంది గానీ అక్కడ బరువంతా తోలు వస్తువుల మీద. ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), ఐఐటీ హైదరాబాద్ డిజైన్ కోర్సులు గొప్పవే, నగల కోసం అయితే చుట్టుదారి. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్‌లో శిల్పం చదివి ఇటు వచ్చినా తప్పులేదు. అచ్చులు, డైల మీద ఆసక్తి ఉంటే బాలానగర్ సీఐటీడీ (పనిముట్ల డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ) చూడండి, దాన్ని ఎవరూ అడగరు ఎందుకో.

డబ్బు సంగతి. నిఫ్ట్‌లో నాలుగేళ్లకు ఫీజే పది లక్షలు దాటుతుంది, ఆదాయం తక్కువున్న ఇళ్లకు రాయితీ ఉంది, తప్పకుండా అప్లై చేయండి. ఐఐజీజేలో కోర్సును బట్టి ఖర్చు, దానికి పైన బొంబాయి అయితే హాస్టల్, తిండి. ప్రాక్టీసు వెండి, రాళ్లు ఎవరి ఖర్చో ముందే అడగండి, ఫీజు కాగితంలో అది కనిపించదు.

ఏ క్యాంపస్‌కు వెళ్లినా పాత బ్యాచ్ పిల్లల ఫైనల్ ప్రాజెక్టులు అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తారు. ఒకటి బయటికి తీసి చేతికివ్వమనండి. ముందు వైపు కాదు, వెనక వైపు తిప్పి చూడండి: టంకం కారిందా, ఆకురాయి గీతలు పోయాయా, చీర దారం పట్టుకునేలా అంచులున్నాయా. బరువెంతో, చేసిందెవరో అడగండి. వీలైతే మాస్టార్ని కాకుండా, చివరి ఏడాది చదువుతున్న పిల్లను అడగండి.