థర్మోస్టాట్ ఎల్బో లీకు: మూడు రిపేర్లు, మూడేళ్ళ వాడకం

మా లారీ 10 టైర్లది, 2017 మోడల్, బీఎస్4 ఇంజన్. బేతంచెర్లలో బండలు ఎత్తుకుని నంద్యాల, గిద్దలూరు ఘాట్, కంభం, వినుకొండ మీదుగా గుంటూరు దాకా తిప్పుతాను. ఎక్కువ ట్రిప్పులు నేనే నడుపుతాను. 2022 మార్చిలో థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర, అంటే ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వేడి నీళ్ళు పోయే దారిలో థర్మోస్టాట్ వాల్వ్‌ను కప్పి ఉండే వంపు గొట్టం దగ్గర, నీళ్ళు కారడం మొదలైంది. బిల్లులో హౌసింగ్ అని రాస్తారు గానీ షెడ్డులో అందరూ ఎల్బో అనే అంటారు. నాలుగు నెలల్లో మూడుసార్లు విప్పాల్సి వచ్చింది. మొదటి రెండు రిపేర్లూ నిలబడలేదు. జూలైలో చేయించిన మూడోది ఇప్పటికి మూడేళ్ళు దాటింది, లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది, ఆ జాయింటు దగ్గర చుక్క కారలేదు. ఏం మారిస్తే నిలబడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట్లో లీకు దొరకనే లేదు. ఇంజన్ వేడిగా ఉండగా చూస్తే అంతా పొడిగా కనిపించేది. రాత్రి బండి పెట్టి పడుకుంటే పొద్దునకి కింద అరచేయంత తడి. దీనికి కారణం ఉంది. ఎల్బో అల్యూమినియం, అది బిగించే హెడ్డు (ఇంజన్ పై భాగం) పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. రోజూ ఇలా సాగి ముడుచుకుంటూ ఉంటే రెండింటి మధ్య నీళ్ళు కారకుండా పెట్టే ప్యాకింగ్ నలుగుతుంది. వేడిలో బిగుసుకున్న జాయింటు చల్లారాక వదులై చుక్క వదులుతుంది. అందుకే లీకు వెతకాలంటే పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు చూడాలి. నేను గుడ్డతో శుభ్రంగా తుడిచి, క్యాబిన్‌లో ఉన్న ముఖానికి రాసుకునే పౌడరు చుట్టూ చల్లి పెట్టాను. తెల్లారేసరికి పౌడరు ఎక్కడ తడిసిందో అక్కడే లీకు. అదే ఎల్బో మీద టెంపరేచర్ సెన్సర్ కూడా ఉంటుంది, దాని మర దగ్గర కారినా నీళ్ళు జారి ప్యాకింగ్ దగ్గరే కనిపిస్తాయి. విప్పే ముందు ఈ తేడా చూసుకోకపోతే పని మొత్తం వృథా.

మొదటి రిపేరు దారిలో ఒక షెడ్డులో జరిగింది. మూడు బోల్టులు విప్పారు, పాత ప్యాకింగ్ స్క్రూడ్రైవర్‌తో గీకారు, రెండు వైపులా సిలికాన్ పేస్టు దట్టంగా పూసి బిగించారు. అరగంటలో స్టార్ట్ చేయమన్నారు. మూడు వారాలకే మళ్ళీ కారింది. ఈ పేస్టు పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అప్పటిదాకా నీళ్ళు తగలకూడదు. పైగా దట్టంగా పూస్తే బిగించినప్పుడు సగం లోపలికి పొంగుతుంది. తర్వాత విప్పినప్పుడు వేలంత పేస్టు ముక్క ఊడి లోపల వేలాడుతోంది. అది తెగి రేడియేటర్ ట్యూబుల్లో పడి ఉంటే ఇంకో ఖర్చు. సిలికాన్ పేస్టు చెడ్డదని నేననను. సన్నటి పొరగా పూసి, ఆరనిస్తే మంచి పనే చేస్తుంది. కానీ గుంటలు పడిన జాయింటును అది ఎక్కువ కాలం కాపాడదు.

రెండోసారి ఏప్రిల్‌లో కొత్త ఎల్బోనే వేయించాను. తక్కువ ధరకు దొరికిన లోకల్ సరుకు. అప్పుడే మేస్త్రి ఇంకో మాట అన్నాడు: "ఎండాకాలం గదన్నా, థర్మోస్టాట్ తీసేద్దాం. ఇంజన్ చల్లగుంటది." చాలామంది డ్రైవర్లు నమ్మే మాటే ఇది. నేనూ సరే అన్నాను. అది పెద్ద తప్పు.

థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. అది కరిగి వ్యాకోచిస్తే వాల్వ్ తెరుచుకుని నీళ్ళు రేడియేటర్‌కు వెళ్తాయి. నా బండి థర్మోస్టాట్ మీద 82 అని అచ్చు ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. నా ఇంజన్‌లో అది తెరుచుకుంటూనే ఇంకో పక్క బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి పోతుంది. సమతలం రోడ్డు మీద రాత్రిపూట టెంపరేచర్ మీటరు ముల్లు లేవదు, ఇంజన్ వేడెక్కదు, పొద్దున్నే తెల్ల పొగ. అదే బండి లోడుతో గిద్దలూరు ఘాట్ ఎక్కితే ముల్లు ఎరుపు దాకా పోయేది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఘాట్ మలుపులో బండి పక్కకు ఆపి గంటన్నర కూర్చున్నాను. అంత వేడిలో మూత తీస్తే నీళ్ళు ఆవిరై ముఖం మీదకు ఎగజిమ్ముతాయి, అలా చేతులు కాల్చుకున్న వాళ్ళను చూశాను. పూర్తిగా చల్లారేదాకా ఆగి, ఇంజన్ నడుస్తుండగా కొంచెం కొంచెంగా నీళ్ళు పోశాం. వేడి ఇంజన్‌లో ఒక్కసారిగా చల్లనీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు చీలే ప్రమాదం ఉంది. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మైలేజీ లెక్క నేను పుస్తకంలో రాసుకుంటాను. థర్మోస్టాట్ లేని రెండు నెలల్లో లీటరుకు 4.1 నుంచి 3.8కి పడింది. పైగా కొత్త ఎల్బో కూడా జూన్ చివరికి చెమ్మ వదలడం మొదలుపెట్టింది.

మూడోసారి ట్రిప్పులు ఆపి, బండిని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్ళాను. అక్కడ హెడ్లు, పంపులు చేసే ఒక పెద్దాయన చెప్పిన మాటతో నా ఆలోచన మారింది. విప్పిన ఎల్బోను చేతిలో తిప్పి చూసి, "నాయనా, కారేది ప్యాకింగ్ కాదు, ఫేస్" అన్నాడు. ఫేస్ అంటే ప్యాకింగ్ ఆనే చదును ముఖం. సర్ఫేస్ ప్లేటు అనే కచ్చితమైన చదును పలక మీద నీలం రంగు రాసి ఎల్బోను రుద్దాడు. బోల్టుల దగ్గర నీలం అంటింది, రెండు బోల్టుల మధ్య అంటలేదు. అంటే కొత్తదే వంకరగా ఉంది. హెడ్డు వైపు చూస్తే పాత ప్యాకింగ్ అట్టలు కట్టి ఉంది, మొదటి షెడ్డులో స్క్రూడ్రైవర్‌తో గీకిన గీతలు కూడా ఉన్నాయి. ఆ గీత వెంబడే నీళ్ళు దారి చేసుకున్నాయి.

ఇక్కడ ఒకరోజు పోయింది. ఒక బోల్టు తుప్పు పట్టి హెడ్డులోనే తెగింది. తెగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఆ వేడి మీదే మెల్లగా తిప్పి తీశారు. తర్వాత ట్యాప్‌తో మరలు శుభ్రం చేశారు. హెడ్డు వైపు ఇత్తడి రేకుతో గీకి, నూనె రాసిన చదునైన రాయితో రుద్దారు. దుమ్ము లోపల పడకుండా రంధ్రంలో గుడ్డ కుక్కారు. ఎల్బో ముఖాన్ని గ్రైండింగ్ మెషీన్ మీద చదును చేశారు. మళ్ళీ నీలం రాస్తే చుట్టూ సమంగా అంటింది. అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

కొత్త థర్మోస్టాట్‌ను కూడా పరీక్ష చేయకుండా వేయనివ్వలేదు. గిన్నెలో నీళ్ళు కాచి, దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టాం. 82 దాటగానే పెదవి విప్పింది, 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంది. థర్మోస్టాట్ మీద గాలి బయటకు పోవడానికి ఉండే చిన్న పిన్ను పైకి వచ్చేలా పెట్టి, కంపెనీ పేపరు ప్యాకింగ్ పొడిగా, పేస్టు లేకుండా వేశారు. మూడు 8 ఎంఎం బోల్టుల్ని మొదట చేత్తో, తర్వాత ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితో రెండు విడతలుగా 22 న్యూటన్ మీటర్లకు బిగించారు. అల్యూమినియం కదా, బలం ఉంది కదాని బిగిస్తే మళ్ళీ వంగుతుంది.

అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం నీళ్ళది. అప్పటిదాకా దారిలో ఎక్కడ బోరు కనిపిస్తే అక్కడి నీళ్ళే పోసేవాళ్ళం. కంభం, వినుకొండ వైపు బోరు నీళ్ళు బిందె అడుగున తెల్లగా పేరుకుంటాయి, ఇంజన్‌లోనూ అదే పని చేస్తాయి. అల్యూమినియం ముఖాన్ని తిని గుంటలు పెట్టేది కూడా తుప్పు మందు లేని ఆ నీళ్ళే. సిస్టమ్ మొత్తం రెండుసార్లు కడిగి, హెవీ డీజిల్ ఇంజన్ల కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోశాం. పెద్ద డీజిల్ ఇంజన్లలో లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) బయటివైపు నీటి బుడగలు పగిలి చిన్న చిన్న గుంటలు పడతాయి, దాన్ని అడ్డుకునే మందు ఈ కూలెంట్‌లో ఉంటుంది. రంగు చూసి కొనకండి, డబ్బా మీద హెవీ డీజిల్‌కు అని ఉందో లేదో చదవండి.

ఈ మూడేళ్ళలో ఇబ్బందులు రాలేదని కాదు. 14 నెలల తర్వాత మళ్ళీ తడి కనిపిస్తే గుండె ఆగినంత పనైంది. పౌడరు పరీక్షలో అది పై హోస్ పైపు క్లిప్పు అని తేలింది. మామూలు స్క్రూ క్లిప్పు తీసి వెడల్పాటి టీ బోల్టు క్లిప్పు వేశాక అదీ ఆగింది. కూలెంట్ ఖరీదు నాలాంటి సొంత బండి వాళ్ళకు భారమే, 20 లీటర్లకు పైగా పడుతుంది. ఫ్యాన్ కవర్ తీయనిదే ఎల్బో కింది బోల్టుకు టార్క్ రెంచి అందదు, అందుకే షెడ్డుల్లో ఆ ఒక్క బోల్టు అంచనాగా బిగించేస్తారు. పక్కనే నిలబడి కవర్ తీయించండి.

మైలేజీ మళ్ళీ 4.1కి వచ్చింది. ఘాట్‌లో మే నెల మధ్యాహ్నం కూడా ముల్లు మధ్య గీత దాటి కొంచెమే పైకి పోతుంది, దిగేటప్పుడు వెనక్కి వస్తుంది. రేడియేటర్ మూత మీద "నీళ్ళు పోయవద్దు" అని పెయింటుతో రాయించాను, ఎందుకంటే నేను లేనప్పుడు ఎవరో ఒకరు మంచికేనని బోరు నీళ్ళు పోస్తారు. సీటు వెనక 5 లీటర్ల క్యాన్‌లో కలిపిన కూలెంట్ కట్టి ఉంచుతాను. క్లిప్పు లీకుతో సహా ఈ మూడేళ్ళలో అందులోంచి వాడింది లీటరున్నర.