రికెట్స్ గ్లెన్‌కి రెండుసార్లు: జూన్‌లో టెంట్‌తో, అక్టోబర్‌లో బాపుతో

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ పార్కుకి తెల్లారగట్ల బయల్దేరి, నాలుగు జలపాతాల దగ్గర ఫొటోలు దిగి, రాత్రి భోజనం వేళకి ఇల్లు చేరుకుంటారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. రెండుసార్లు వెళ్లొచ్చాక మాత్రం ఎవరడిగినా ఒకటే మాట చెప్తున్నాను: కనీసం రెండు రాత్రులు అక్కడ పడుకునేలా వెళ్లండి. మూడు గంటలు కారులో కూర్చున్న కాళ్లతో ఆ లోయ దిగి ఎక్కడం కష్టం. అంత దూరం వెళ్లి సగంలో వెనక్కి తిరగడం ఇంకా కష్టం.

ఎడిసన్ నుంచి ఐ-80 మీద పడమర వైపు దాదాపు మూడు గంటలు. లైట్‌స్ట్రీట్ దగ్గర దిగి 487 రోడ్డు పట్టుకుంటే బెంటన్ ఊరి మీదుగా రెడ్ రాక్ చేరతాం. అక్కడి నుంచి కొండమీది లేక్ జీన్ దాకా గట్టి ఎక్కుడు. బరువైన ట్రైలర్లు తెచ్చేవాళ్లని అటు రావద్దని, ఉత్తరాన డషోర్ వైపు నుంచి రమ్మని పార్కువాళ్లే చెబుతారు. కారుకి పెట్రోలు, పాలు, ఐసు బెంటన్‌లోనే తీసుకోండి. లోయలోకి దిగాక మా ఫోన్లకి సిగ్నల్ లేదు కాబట్టి మ్యాపు కూడా ముందే దించుకోండి. పార్కులోకి టికెట్ లేదు.

జూన్‌లో మాకు శని, ఆదివారం రాత్రులకే టెంట్ సైటు దొరికింది. శుక్రవారం రాత్రికి పార్కు బయట ఒక ప్రైవేటు బసలో గది తీసుకున్నాం. ఫొటోల్లో చూసిన గది వేరు, తాళం ఇచ్చిన గది వేరు. కార్పెట్ తడివాసన, స్నానానికి గోరువెచ్చని నీళ్లు కూడా రాలేదు, మార్చమంటే ఇంకో గది లేదన్నారు. ఆ ఒక్క రాత్రికి మేం కట్టిన డబ్బు టెంట్ సైటుకి రెండు రాత్రులకి కట్టినదానికంటే ఎక్కువ. అందుకే చెప్తున్నా, పార్కు సైటుల రిజర్వేషన్ 11 నెలల ముందే తెరుస్తారు. వేసవి వారాంతం కావాలంటే అప్పుడే పట్టుకోవాలి.

సైటులు మొత్తం 120, లేక్ జీన్ ఒడ్డునే. ప్రతిదానికీ ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనప చట్రం. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ల షవర్లు ఉన్నాయి. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే వరస ఉండదు. చిన్న గ్యాసు పొయ్యి మీద ఉప్మా చేసుకున్నాం, మధ్యాహ్నానికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర. ఎలుగుబంట్లు తిరిగే అడవి, కాబట్టి పచ్చడి సీసాతో సహా తినేవన్నీ రాత్రికి కారులో పెట్టి తాళం వేయాలి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఎనిమిది దాకా చప్పుడు చేయకూడదు. మనవాళ్ల గుంపులు ఈ ఒక్కటీ పాటిస్తే పక్క టెంట్లలో పసిపిల్లలు ఉన్నవాళ్లు ఎంత సంతోషిస్తారో.

ఇక అసలు సంగతి, ఫాల్స్ ట్రెయిల్. కిచెన్ క్రీక్ అనే వాగు రెండు పాయలుగా రెండు ఇరుకు లోయల్లోకి దూకుతుంది. ఒకటి గ్లెన్ లీ, ఇంకోటి గనోగా గ్లెన్. రెండూ కలిసే చోటు పేరు వాటర్స్ మీట్. పేరు పెట్టిన జలపాతాలు 22. గ్లెన్ లీలో 8, గనోగాలో 10, సంగమం కింద 4. అన్నీ చూడాలంటే 7.2 మైళ్లు. పైనున్న రెండు లోయల్నీ హైలాండ్ ట్రెయిల్‌తో కలిపి చుట్టి వస్తే 3.2 మైళ్లు, 18 జలపాతాలు. మేం ఈ చిన్న చుట్టే నడిచాం. పదేళ్ల బాబుతో, ఆగుతూ ఆగుతూ, నాలుగు గంటలు పట్టింది.

గ్లెన్ లీ మీదుగా దిగి, గనోగా మీదుగా ఎక్కండి. దిగేటప్పుడు జలపాతం వీపు వెనకాల ఉంటుంది, ప్రతిచోటా ఆగి వెనక్కి తిరిగి చూడాలి. ఎక్కేటప్పుడు ఎదురుగా వస్తుంది. అన్నిటికన్నా పెద్దదైన గనోగా ఫాల్స్, 94 అడుగులది, అలా ఎదురుగా రావాలి. ముందు చప్పుడు, తర్వాత మొహం మీద చల్లని తుంపర, ఆ తర్వాత మలుపు తిరగ్గానే మెట్లు మెట్లుగా తెల్లటి నీళ్లు. మా బాబు అప్పటిదాకా కాళ్లు నొప్పులంటున్నవాడు అక్కడ ఒక బండ మీద కూర్చుని ఇరవై నిమిషాలు కదల్లేదు.

దారి అంతా రాతిమెట్లే. చాలాచోట్ల ఒక పక్క కొండ, ఇంకో పక్క వాగు, మధ్యలో తడిసి నాచు పట్టిన పలకలు. ఓజోన్ ఫాల్స్ దాటాక నా కాలు జారి మోకాలు రాతికి కొట్టుకుంది. మంచి పట్టున్న బూట్లు వేసుకునే జారాను. మాకెదురుగా మనవాళ్ల కుటుంబం ఒకటి చెప్పులతో, చంకలో పాపతో దిగుతుంటే గుండె ఆగినంత పనైంది. ఆపి, పైకి వెళ్లిపొమ్మని బతిమాలాను, విన్నారు. దయచేసి చెప్పులతో రాకండి. జలపాతాల గుంటల్లో దిగడం కూడా నిషేధమే, ఈత కొట్టాలంటే లేక్ జీన్ బీచ్ ఉంది.

ఈ మెట్లు వేయించింది కల్నల్ రాబర్ట్ బ్రూస్ రికెట్స్. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 నాటి గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఫిరంగి దళాన్ని నడిపినాయన. 1889 నుంచి 1893 దాకా నాలుగేళ్లపాటు కొద్దిమంది పనివాళ్లు ఈ దారిని చెక్కారు. చాలా జలపాతాలకి ఆయన మూలవాసి తెగల పేర్లు పెట్టించాడు: మోహాక్, ఒనైడా, సెనెకా, టస్కరోరా. చుట్టూ ఉన్న అడవిని కలప కంపెనీలు నరికేశాయి గానీ ఈ లోయల జోలికి రాలేదు. 1944లో ఇది స్టేట్ పార్కుగా తెరిచారు. నూట ముప్పై ఏళ్ల కిందట యంత్రాల్లేకుండా ఈ నిట్టనిలువు లోయలో రాయి మీద రాయి పేర్చిన చేతుల్ని తలుచుకోకుండా ఒక్క మెట్టు కూడా దిగలేకపోయాను.

అక్టోబర్‌లో అమ్మా బాపూ నిర్మల్ నుంచి వచ్చి ఉన్నారు. ఈసారి టెంట్ కాదు, పార్కులోనే క్యాబిన్. అవి పదే ఉన్నాయి. వంటగది, స్నానాలగది, వెచ్చటి పడకగదులు. దుప్పట్లు, గిన్నెలు మనమే తెచ్చుకోవాలి. వేసవిలో వారం మొత్తానికే ఇస్తారు. మాకు ఆకులు రంగు మారే రోజుల్లో మూడు రాత్రులు దొరికాయి. ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకి నా ఓటు కచ్చితంగా క్యాబిన్‌కే. రాత్రి బాత్రూం కోసం చలిలో టార్చి పట్టుకుని నడవాల్సిన పని లేదు. అమ్మ తన పొయ్యి మీద తన చాయ్ తాను పెట్టుకుంది, ఆమెకి అదే సెలవు. ఒక్కటే, ఆ నెల వారాంతాల్లో పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. శనివారం తొమ్మిదింటికే లేక్ జీన్ దగ్గర చోటు లేదు.

అమ్మ మోకాళ్లకి ఫాల్స్ ట్రెయిల్ కుదరదు. కానీ కొండ కింద 118 రోడ్డు పక్కన పార్కింగ్ నుంచి కొద్ది నిమిషాల నడకలోనే ఆడమ్స్ ఫాల్స్ ఉంది, 36 అడుగులది. నన్నడిగితే మొత్తంలో అందమైనది అదే. నీళ్లు రాతిని గిన్నెల్లా తొలిచేశాయి, ఒక గిన్నె నిండి ఇంకో గిన్నెలోకి ఒంపినట్టు పడతాయి. బాపు చిన్నప్పటి నుంచీ కుంతాల చూసిన మనిషి, నూట నలభై ఏడు అడుగులది.

"కుంతాల దుంకుతది బిడ్డా," అన్నాడు చాలాసేపు చూసి. "గిది ఆడుకుంట దిగుతున్నది."

అక్కడే ఎవర్‌గ్రీన్ ట్రెయిల్ ఉంది, ఒక మైలు, పెద్ద ఎక్కుడు దిగుళ్లు లేవు. నరకని పాత అడవి. కొన్ని హెమ్లాక్ చెట్ల వయసు 500 ఏళ్ల దాకా ఉంటుంది. బాపు తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు. ఆ మాట వినగానే లెక్క కట్టి, "అంటే కృష్ణదేవరాయలు గద్దె మీద ఉన్నప్పుడు మొలిచిన చెట్టు," అని అరచెయ్యి బెరడు మీద ఆనించి అలాగే నిలబడ్డాడు. బెరడు గరుగ్గా, లోతైన చాళ్లతో ఉంది. అమ్మ కొంగుతో నుదురు తుడుచుకుని తానూ చెయ్యి వేసింది.

తర్వాత బాపు కిందికి వంగిన ఒక కొమ్మ పట్టుకుని ఆకులు తిరగేసి చూశాడు. సూదుల్లాంటి ఆకుల అడుగున దూదిపింజల్లా తెల్లటి చుక్కలు.

"మన పత్తికి పట్టే పిండినల్లి లెక్కున్నది గదా."

పిండినల్లి కాదు గానీ పోలిక నిజమే. జపాన్ నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు, ఆకు మొదట్లో రసం పీల్చేసి కొన్నేళ్లలో చెట్టునే చంపేస్తుంది. ఈ వైపు అడవులన్నిటా హెమ్లాక్‌లని అదే తింటోంది. బయటి ఊళ్ల నుంచి కట్టెలు తేవద్దని పార్కువాళ్లు చెప్పేది కూడా ఇలాంటి చెట్ల పురుగుల భయంతోనే. జూన్‌లో మేం కారులో వేసుకెళ్దామని కట్టిన కట్టెల మోపుని ఇంట్లోనే వదిలేసి, అక్కడే కొనుక్కున్నాం.

"మందు కొడ్తున్నరా మరి?" అని అడిగాడు బాపు. మందు ఉందని, పాత చెట్లకి పెడతారని చెప్పాను. కొమ్మని మెల్లగా వదిలి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పక్క చెట్టు ఆకులు తిరగేసి చూడటానికి వెళ్లాడు.